అర ఎకరం అమ్మి అమ్మాయిని కెన్యా కొండలకు పంపాలా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది నారాయణపేట దగ్గర పల్లె. మా అమ్మాయికి 21 ఏళ్లు, డిగ్రీ చివరి ఏడాది, హాస్టల్‌లో ఉంటుంది. 5,000 మీటర్లు 16 నిమిషాల 50 సెకన్లు, 10,000 మీటర్లు 35 నిమిషాల 20 సెకన్లు ఆమె బెస్ట్. ఏడాదిన్నరగా టైమింగ్ కదలడం లేదు. ఈమధ్య హాస్టల్ మెట్లెక్కినా ఆయాసం వస్తోందంటోంది. తెలిసినాయన ఒకరు కెన్యాలో ఇటెన్ అనే ఊళ్లో రెండు నెలలు ఉంచితే రక్తం పెరిగి పది వేలలో నిమిషం తగ్గుతుందంటున్నాడు. మొత్తం నాలుగున్నర లక్షలు, పదిహేనో తారీకులోపు అడ్వాన్స్ కట్టాలట. అర ఎకరం బేరానికి పెట్టా. ఈలోపు ఆన్‌లైన్‌లో ‘ఆల్టిట్యూడ్ మాస్క్’ కొనిచ్చాం, అది పెట్టుకునే పరుగెత్తుతోంది. కెన్యా కాకపోతే లంబసింగి పంపినా సరిపోతుందా? మీరేమంటారు?
ఒక తండ్రి, నారాయణపేట జిల్లా

జవాబు: అన్నా, పొలం అమ్మకండి. ఈ ఏడాది ఇటెన్ వద్దు. అడ్వాన్స్ గడువు దగ్గరపడుతోంది కాబట్టి ముందే చెప్పేస్తున్నా. మిగతాది తీరిగ్గా చదవండి.

కెన్యా గురించి అంత వివరంగా రాసి, మెట్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఆగిపోయింది అక్కడే. రోజూ పొద్దున పదిహేను కిలోమీటర్లు అలవోకగా పరుగెత్తే పిల్లకు మెట్లెక్కితే ఆయాసం రాకూడదు. వస్తోందంటే దూరదేశంలో కొండ వెతకడానికి ముందు ఊళ్లో ల్యాబ్‌కు వెళ్లాలి. ఎందుకో చెప్పాలంటే, కొండ మీద ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి.

ఎత్తుకు వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. నారాయణపేటలోనూ 21 శాతమే, ఇటెన్‌లోనూ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఇటెన్ సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో ముప్పావు వంతే. గుండెనిండా పీల్చినా రక్తంలోకి చేరే ఆక్సిజన్ తక్కువ. ఆ లోటును ముందు కనిపెట్టేవి మూత్రపిండాలు. ఒకటి రెండు రోజుల్లోనే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదులుతాయి. అది ఎముక మజ్జకు వెళ్లి ‘ఎర్రకణాలు ఇంకొన్ని చెయ్యి’ అని పురమాయిస్తుంది. మూడు నాలుగు వారాలు అక్కడే ఉంటే ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ మొత్తం పెరుగుతుంది. ఎత్తులో గడిపిన ప్రతి నూరు గంటలకు సుమారు ఒక శాతం అని పరిశోధకుల అంచనా. కిందికి దిగాక ఆ అదనపు రక్తం కొన్ని వారాలు పనికొస్తుంది.

మజ్జకు ఆర్డర్ వచ్చింది సరే, సరుకేది? ఎర్రకణం చేయడానికి ఇనుము కావాలి. ఒంట్లో ఇనుము నిల్వ లేకపోతే హార్మోన్ ఎంత కేకలేసినా పని జరగదు. ఇసుక, సిమెంటు తెప్పించకుండా మేస్త్రీని పిలిస్తే ఏం చేస్తాడు? చాయ్ తాగి, కూలి లెక్క రాసుకుని వెళ్తాడు. ఇనుము తక్కువున్న రన్నర్లకు ఎత్తులో రక్తం పెరగలేదని 1990ల నుంచీ అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి.

ఆడపిల్లల్లో, అందులోనూ దూరపు పరుగు పిల్లల్లో, ఈ నిల్వ ఎప్పుడూ అంచుల్లోనే ఉంటుంది. నెలసరిలో పోతుంది, చెమటలో కొంచెం పోతుంది, అరికాలు నేలకు కొట్టుకున్నప్పుడల్లా కొన్ని ఎర్రకణాలు చితుకుతాయి. దానికి హాస్టల్ భోజనం తోడు. పొద్దున ప్రాక్టీసు అవగానే గ్లాసుడు చాయ్, దాంతోపాటే టిఫిన్. తిండిలో ఉన్న కాస్త ఇనుమును కూడా ఆ చాయ్ ఒంటికి పట్టనివ్వదు.

కాబట్టి రేపో ఎల్లుండో సీబీపీ అనే రక్తకణాల పరీక్షతో పాటు ‘సీరమ్ ఫెరిటిన్’ అనే పరీక్ష చేయించండి. మామూలుగా వెయ్యి రూపాయల లోపే అవుతుంది. ‘హిమోగ్లోబిన్ 12 ఉంది, పర్లేదు’ అని ల్యాబ్ వాళ్లు చెబితే లేచి వచ్చేయకండి. హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఉన్న డబ్బు, ఫెరిటిన్ అంటే బ్యాంకులో ఉన్నది. చేతిలో ఉన్నది అలాగే కనిపిస్తూ బ్యాంకులో ఖాళీ అయిన పిల్లలు నా దగ్గరికి ఏటా వస్తారు. ల్యాబ్ కాగితం మీద కింది హద్దు పదో పదిహేనో అని అచ్చేసి ఉంటుంది. అది మామూలు మనుషుల లెక్క. ఎత్తుకు వెళ్లే రన్నర్‌కు కనీసం ముప్పై, నలభై ఉండాలని స్పోర్ట్స్ డాక్టర్లు చూస్తారు. జ్వరంలో గానీ, గట్టి వర్కవుట్ చేసిన మర్నాడు గానీ చేయిస్తే ఫెరిటిన్ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ముందురోజు విశ్రాంతి ఇచ్చి పొద్దున చేయించండి.

తక్కువ వస్తే డాక్టర్ రాసిన మాత్ర, డాక్టర్ చెప్పిన మోతాదు. మీ అంతట మీరు మెడికల్ షాపులో కొనకండి. తలసీమియా అని పుట్టుకతో వచ్చే రక్తదోషం ఉంది, దాని లక్షణం ఉన్నవాళ్లకూ హిమోగ్లోబిన్ తక్కువే కనిపిస్తుంది, వాళ్లకు ఊరికే ఇనుము పోయకూడదు. మాత్ర పొద్దున్నే, పరుగుకు ముందో, పరుగైన అరగంటలోపో వేసుకోవడం మేలు. ఆ తర్వాత కొన్ని గంటలు ఒళ్లు ఇనుమును అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. నిమ్మరసంతో వేసుకోవచ్చు. చాయ్, పాలు గంటన్నర దూరం. మలం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. వారానికి రెండుసార్లు మేక కార్జం, రోజూ ఆకుకూర, దాని మీద నిమ్మకాయ. లేదంటే భోజనం అయ్యాక జామకాయ. నిల్వ నిండడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అది ఇటెన్‌లో తగ్గదు.

ఇంకో సంగతి. మీరు అడగలేకపోతే వాళ్లమ్మ అడగాలి. నెలసరి క్రమంగా వస్తోందా? మూడు నాలుగు నెలలుగా ఆగిపోయి ఉంటే అది ‘పరుగెత్తే పిల్లలకు మామూలే’ కాదు. పరుగుకు సరిపడా తిండి లేదని ఒళ్లు చెబుతున్నట్టు. అదే జరిగితే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, కిలోమీటర్లు తగ్గాలి, అన్నం పెరగాలి. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, ఖర్చయ్యే శక్తేమో పెరుగుతుంది. ఇక్కడే చాలని తిండి అక్కడ అసలు చాలదు. బరువు తగ్గితే వేగం వస్తుందని ఎవరైనా కోచ్ ఆమెకు చెప్పి ఉంటే, ఆ మాట నేను కొట్టేశానని చెప్పండి.

ఇక ‘నిమిషం తగ్గుతుంది’ అన్న మాట. ఈ విద్యలో అందరూ ఎత్తి చూపే ప్రయోగం ఒకటుంది. 1997లో అమెరికా శాస్త్రజ్ఞులు బెంజమిన్ లెవైన్, జేమ్స్ స్ట్రే-గండర్సన్ ప్రచురించారు. 39 మంది రన్నర్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టు యూటా రాష్ట్రంలో 2,500 మీటర్ల ఎత్తులో నిద్రపోయి, 1,250 మీటర్లకు దిగి సాధన చేసింది. ఒక జట్టు పైనే ఉండి పైనే పరుగెత్తింది. మూడోది కిందే ఉంది. నాలుగు వారాల తర్వాత 5,000 మీటర్లలో స్పష్టంగా బాగుపడింది మొదటి జట్టే. ఎంతంటారా? సగటున 13 సెకన్లు. దాన్ని పది వేలకు రెట్టించి లెక్కేసుకున్నా అర నిమిషం రాదు. అదీ సగటే. ఆ జట్టులో బాగా తగ్గినవాళ్లూ ఉన్నారు, ఏమీ తగ్గనివాళ్లూ ఉన్నారు. వెళ్లి చూస్తే తప్ప మీ అమ్మాయి ఏ రకమో చెప్పగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆ ప్రయోగంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ 13 సెకన్లు కాదు, రెండో జట్టు సంగతి. పైనే ఉండి పైనే పరుగెత్తినవాళ్లకూ రక్తం పెరిగింది, టైమ్ మాత్రం పెద్దగా తగ్గలేదు. పల్చటి గాలిలో కాళ్లు అసలు వేగంతో ఆడవు. నెల రోజులు మెల్లగా పరుగెత్తితే కాళ్లకు ఆ మెల్లదనమే అలవాటవుతుంది.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. ఇరవై మూడేళ్ల వయసులో మొదటిసారి ఊటీ వెళ్లా. మూడో రోజే గ్రౌండ్‌లో వెయ్యి మీటర్ల రిపీట్లు, అంటే మధ్యలో కాస్త ఆగుతూ అదే దూరం మళ్లీ మళ్లీ వేగంగా పరుగెత్తడం, పెట్టారు, ఆరు. చీటీ మీద ఇంటి దగ్గర పరుగెత్తే టైములే రాసిచ్చారు. మొదటి రెండూ వచ్చేశాయి, ఊటీ అంటే ఇంతేనా అనుకున్నా. మూడోదాంట్లో ఆరొందల మీటర్ల దగ్గర చేతులు బరువెక్కాయి. కాళ్లు కాదు, చేతులు. ఐదోది అయ్యాక ట్రాక్ పక్కన మోకాళ్ల మీద కూలబడ్డా. పెదాలు నీలంగా ఉన్నాయని పక్కవాడు అన్నాడు. ఆరోది కూడా పరుగెత్తా. అప్పట్లో అదే మగతనం అనుకునేవాళ్లం. పదో రోజుకు రాత్రిళ్లు నిద్ర పోయింది, దగ్గు పట్టుకుంది, పొద్దున లేవగానే నాడి పది పన్నెండు ఎక్కువ కొట్టేది. నాలుగు వారాలు పూర్తి చేసి దిగి వచ్చి, రెండు వారాలకు జరిగిన మీట్‌లో పోయినేడాదికంటే 22 సెకన్లు ఆలస్యంగా వచ్చా. తప్పు కొండది కాదు.

మరి కెన్యావాళ్లు, ఇథియోపియావాళ్లు ఎలా గెలుస్తున్నారంటారు. 1968లో మెక్సికో సిటీలో, 2,240 మీటర్ల ఎత్తున ఒలింపిక్స్ జరిగాయి. 10,000 మీటర్ల ప్రపంచ రికార్డు అప్పుడు ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్‌ది, 27 నిమిషాల 39.4 సెకన్లు. ఫైనల్ గెలిచిన కెన్యా రన్నర్ నఫ్తాలి టెముకు పట్టింది 29 నిమిషాల 27 సెకన్లు. క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి గీత దాటగానే పడిపోయాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ప్రపంచమంతా కొండల వైపు చూడడం అప్పుడే మొదలైంది. కానీ టెము కొండకు ‘శిక్షణకు’ వెళ్లినవాడు కాదు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగినవాడు. ఇథియోపియాలో బెకోజి అనే చిన్న ఊరు సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. దెరార్తు తులు, కెనెనిసా బెకెలే, తిరునెష్ దిబాబా ముగ్గురిదీ ఆ ప్రాంతమే. పుట్టినప్పటి నుంచీ ఆ గాలి పీలుస్తూ, చిన్నప్పటి నుంచీ పరుగెత్తినవాళ్లకు వచ్చింది రెండు నెలల ప్యాకేజీలో దొరుకుతుందనుకోవడం, పంట చేతికొచ్చే ముందు వారం నారు పోసినట్టుంటుంది.

ఇటెన్ మంచి ఊరే, దాన్ని తక్కువ చేయను. ఎర్రమట్టి రోడ్లు, ఊరి మొదట్లో ‘ఛాంపియన్ల ఇల్లు’ అని రాసిన కమాను. అక్కడి సెయింట్ పాట్రిక్స్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి 1976లో ఐర్లాండ్ నుంచి వచ్చిన బ్రదర్ కొలమ్ ఓకానెల్ అక్కడే ఉండిపోయి, 800 మీటర్ల ప్రపంచ రికార్డు వీరుడు డేవిడ్ రుదీషా దాకా ఎందరినో తయారుచేశాడు. గురువారం పొద్దున ఫార్ట్‌లెక్ (కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా పరుగెత్తే సాధన) అంటే వందల మంది ఒక్క గుంపుగా మట్టిరోడ్డు మీద పరుగెత్తుతారు. తిండి ఉగాలి, అంటే మన సంకటిలాంటిదే, మొక్కజొన్న పిండితో, పక్కన ఆకుకూర. మీ అమ్మాయికి నచ్చుతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. దిగిన వారమే ఆ గురువారం గుంపులో కలవాలనిపిస్తుంది. పక్కన పరుగెత్తే ఆడపిల్లలు ఆమె రేసు వేగాన్ని కబుర్లు చెబుతూ పరుగెత్తుతారు. అక్కడ ఆగగలిగే పిల్లలు నాకు తక్కువ తగిలారు. ఇదే కెన్యావాళ్లు రికవరీ రోజున ఎంత మెల్లగా పరుగెత్తుతారో చూడండి, మన కాలేజీ పిల్లలు సిగ్గుపడతారు. అది మాత్రం ఎవరూ నేర్చుకురారు.

మన దేశం రన్నర్లు ఎత్తుకు వెళ్లడం లేదా అంటే, వెళ్తున్నారు. అవినాశ్ సాబ్లే, పారుల్ చౌదరి, గుల్వీర్ సింగ్ అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో, 1,800 మీటర్ల పైచిలుకు ఎత్తున సాధన చేసినవాళ్లే. సాబ్లే మహారాష్ట్ర బీడ్ జిల్లా పిల్లాడు, సైన్యంలో సియాచిన్‌లో పనిచేశాడు. సియాచిన్ చలిగాలి వల్లే రన్నర్ అయ్యాడని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ ఎత్తులో డ్యూటీ చేసిన జవాన్లు వేలమంది ఉన్నారు, అడ్డంకులు దూకుతూ పరుగెత్తే 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ను 8 నిమిషాల 9 సెకన్లలో పరుగెత్తింది అతనొక్కడే. వీళ్లంతా కొలరాడో వెళ్లేనాటికే ఏళ్ల తరబడి కిలోమీటర్లు ఒంటికి పట్టించుకున్నవాళ్లు. ఆ తర్వాత మిగిలిన ఆ కొద్ది సెకన్ల కోసం కొండెక్కారు. మీ అమ్మాయి 35:20లో కింద నేల మీదే తీయాల్సిన సెకన్లు చాలా ఉన్నాయి.

మాస్క్ తీసి పక్కన పడేయండి. అది గాలి ఒత్తిడిని తగ్గించలేదు, గాలి దారిని ఇరుకు చేస్తుంది అంతే. మూతికి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తినా అదే ఫలితం. అసలే ఆయాసపడుతున్న పిల్ల!

లంబసింగి గురించి అడిగారు. అక్కడున్నది చలి, ఎత్తు కాదు. సుమారు వెయ్యి మీటర్లు, రక్తం పెరగడానికి చాలదు. హార్స్‌లీ హిల్స్ కూడా 1,300 మీటర్లు లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎత్తయిన శిఖరమే 1,700 మీటర్లు దాటదు, ఇక దాని మీద ఎవరు కాపురముంటారు? మన పిల్లలకు అందుబాటులో ఉన్న అసలైన ఎత్తు ఊటీ, 2,240 మీటర్లు. యాదృచ్ఛికమే గానీ, సరిగ్గా మెక్సికో సిటీ అంత. హిమాచల్‌లో శిలారూ దగ్గర సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) వాళ్ల కేంద్రం ఉంది, అది సెలెక్షన్ వస్తేనే.

ఫెరిటిన్ నిండి, నెలసరి క్రమంలో ఉండి, వారానికి నూరు కిలోమీటర్ల చొప్పున నాలుగైదు నెలలు దెబ్బ తగలకుండా పరుగెత్తగలిగిందనుకోండి, అప్పుడు ఊటీ నాలుగు వారాలు పంపండి. రైల్లో కోయంబత్తూరు, అక్కణ్నించి బస్సు. మీరు రాసిన నాలుగున్నర లక్షల్లో చిన్న ముక్కతో అయిపోతుంది. ఏప్రిల్, మే వద్దు, టూరిస్టులతో గదుల ధర మండిపోతుంది. నాలుగు వారాలకు తక్కువైతే వెళ్లకండి. వారం, పది రోజుల ట్రిప్‌తో రక్తం ఏమంత పెరగదు.

అక్కడ మొదటి వారం మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత మెల్లగానే. కిలోమీటరుకు పది సెకన్లకు పైగా ఆలస్యమవుతుంది, వాచీ చూసి ఏడవొద్దని చెప్పండి. పొద్దున లేవగానే నాడి లెక్కబెట్టి రాసుకోవాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. రెండో వారం నుంచి మామూలు దూరం. స్పీడ్ పని కొండ మీద వద్దు: వారానికోసారి బస్సెక్కి కొండ కింద ఉన్న మెట్టుపాళయం దిగి, అక్కడ చదునులో అసలు వేగంతో చేసి, సాయంత్రానికి పైకి వెళ్లిపోవాలి. యూటావాళ్లు చేసినదానికి ఇది మన పేదవాళ్ల నకలు. ఘాట్‌లో వాంతులు అయ్యే రకమైతే పైనే రెండొందల మీటర్ల పరుగులు, మధ్యలో నిండా విశ్రాంతితో. దిగాక మొదటి రేసు రెండు మూడు వారాలకు పెట్టుకోమంటాను. దిగిన రెండో రోజే పరుగెత్తి మంచి టైమ్ తీసినవాళ్లూ ఉన్నారు గానీ, మొదటిసారికి ఆ జూదం వద్దు.

చివరగా ఆ ‘తెలిసినాయన’. రక్తం పెరుగుతుంది అన్నాడు కదా, ఎలా అని అడగండి. కొండ వల్ల అంటే సరే. మాటల్లో ఎక్కడైనా ‘ఒక ఇంజెక్షన్’ అని వచ్చిందా, ఫోన్ పెట్టేయండి. మూత్రపిండాలు చేసే ఆ హార్మోన్‌నే బయట మందుగా చేసి అమ్ముతారు, ఈపీఓ అంటారు, అది నిషిద్ధం. దొరికితే నాలుగేళ్లు బ్యాన్ పడవచ్చు. ఎవరు వేశారు, ఏమని చెప్పి వేశారు అని నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు మినహాయింపులివ్వరు. ఒంట్లో దొరికితే బాధ్యత ఆమెదే. ఇనుమును సెలైన్‌లో ఎక్కించుకోవడం కూడా అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటిన డ్రిప్, ఆస్పత్రి చికిత్సలో భాగం కాకపోతే, నిబంధనలకు విరుద్ధం. మాత్రలతో ఆ ఇబ్బంది లేదు. అయినా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ‘నేను అథ్లెట్‌ను’ అని మొదటి మాటగా చెప్పమనండి.

రిపోర్టు వచ్చాక ఫెరిటిన్ అంకె, హిమోగ్లోబిన్ అంకె, పోయిన ఎనిమిది వారాల్లో వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తిందో, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటుందో రాసి పంపండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి. మెట్ల దగ్గర ఆయాసం ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా తెలుస్తుంది.